టవర్‌లో కొత్తావిడ

“ధుప్పీడాండా టవర్, ఇంకో ఏడు నిమిషాల్లో దిగుతున్నా. గాలి ఎలా ఉంది?”

రేడియోలో కెప్టెన్ బస్న్యాత్ గొంతు.

ఆ కొండల విమానాశ్రయం టవర్‌లో ఇంద్రకళ మైకు అందుకుంది. ముందు అద్దంలోంచి ఎదుటి కొండ వైపు చూసింది. కొండకొమ్మున ఉన్న తెల్ల స్తూపం టవర్‌కు సరిగ్గా ఐదు కిలోమీటర్లు. అది కనిపిస్తేనే రన్‌వే తెరిచి ఉన్నట్టు.

స్తూపం లేదు. ఆ చోట మబ్బు ఉంది.

“స్తూపం కనబడట్లేదు. రన్‌వే మూసేశాం. వెనక్కి వెళ్లండి కెప్టెన్‌సాబ్.”

“బహినీ, పందొమ్మిదేళ్ల నుంచి ఈ లోయలో దిగుతున్నా. కళ్లు మూసుకుని దింపేస్తాను.”

“మీరు మూసుకోగలరేమో. నేను మూసుకోలేను.”

రేడియో కాసేపు గరగరలాడింది. మబ్బు పైన ఎక్కడో ఇంజిన్ మోత ఒక చుట్టు తిరిగి, సన్నబడి, పోయింది.

పక్క కుర్చీలో నిశ్చల్ నవ్వాడు. వాడికి ఇరవై ఆరేళ్లు. ఐదు నెలల కింద ఆమె ఇక్కడికి వచ్చినప్పుడు పని నేర్పింది వాడే.

“స్తూపం నీడలాగా కనబడుతోంది కదా దీదీ.”

“ఏదీ, చూపించు.”

చూపించలేకపోయాడు.

“అయినా ముప్పై తొమ్మిదేళ్లకి నీకీ పరీక్షలేంటి? ఆస్పత్రిలో నీడపట్టున ఉద్యోగం మానుకుని.”

“ఆడవాళ్లని నలభై దాకా ఈ సర్కారు పరీక్ష రాయనిస్తారు. నాకు అదే ఆఖరి ఏడాది.”

“నీ ఈడు వాళ్లు రేడియోలో పాటలు వింటున్నారు. నువ్వేమో బస్న్యాత్‌తో తిట్లు వింటున్నావు.”

ఆమె నవ్వింది. కళ్లు మాత్రం కొండ మీదే ఉన్నాయి.

మధ్యాహ్నం స్టేషన్ అధికారి ఖనాల్ పిలిపించాడు.

“విమానాల్ని వెనక్కి పంపడం ఈ నెలలో ఇది ఆరోసారి. పక్క లోయలో దిగుతున్నాయి, మన దగ్గరే దిగవు. హోటళ్ల వాళ్లు నన్ను పీక్కుతింటున్నారు. ఇవాళ ఆ విమానంలో ఎవరున్నారో తెలుసా? మన శాఖ పెద్దాయన బావమరిది.”

“ఎవరున్నారని చూడలేదు సర్.”

“భయమైతే చెప్పు. కిందికి మార్చేస్తా.”

“భయమే సర్.”

ఆ జవాబు ఖనాల్ ఊహించలేదు. బదిలీ కాగితం మీద సంతకం పెట్టేశాడు. మర్నాటి నుంచి ఆమెకు కింద రికార్డుల గదిలో పని.

తన శాలువా తీసుకుంటూ ఆమె నిశ్చల్‌తో అంది. “కనబడనప్పుడు కనబడలేదనే చెప్పు భాయీ. వెనకాల ఎవరు నిలబడ్డా సరే.”

“అలాగేలే దీదీ,” అన్నాడు వాడు, టీ తాగుతూ.

తొమ్మిది రోజులు ఎండ కాసింది. విమానాలు వచ్చాయి, పోయాయి. హోటళ్లు నిండాయి.

పదో రోజు పొద్దున నది మీంచి మబ్బు లేచింది. మెల్లగా, తొందరేమీ లేనట్టు, పొలాలెక్కి, ఇళ్లెక్కి, కొండ మెడ దాకా వచ్చింది.

“భాయీ, స్తూపం కనబడుతోందా?” బస్న్యాత్ అడిగాడు.

నిశ్చల్ చూశాడు. అంతా తెల్లగా ఉంది. ఆ తెలుపులో స్తూపం ఏదో, మబ్బు ఏదో.

వెనక ఖనాల్ నిలబడి ఉన్నాడు. ఒకసారి దగ్గాడు, అంతే.

“గాలి పడమటి నుంచి, నెమ్మదిగా ఉంది,” అన్నాడు నిశ్చల్. “రన్‌వే తెరిచే ఉంది.”

అడిగినదానికి అది జవాబు కాదు. బస్న్యాత్ మళ్లీ అడగలేదు.

మోత దగ్గరైంది. ఇంకా దగ్గరైంది. రన్‌వే చివర మబ్బు చీల్చుకుని ముక్కు కనబడాల్సిన క్షణం వచ్చింది, దాటిపోయింది.

తర్వాత మోత లేదు.

“కెప్టెన్‌సాబ్,” అని పిలిచాడు నిశ్చల్. “కెప్టెన్‌సాబ్, వినబడుతోందా?”

మెట్ల మీద పరుగున అడుగుల చప్పుడు. ఇంద్రకళ గుమ్మంలో ఆగింది. వాడి వైపు చూడలేదు.

“ఎంతమంది?”

“పద్దెనిమిది.”

“పిల్లలు?”

“ఇద్దరు.”

ఆమె తలాడించి కిందికి దిగిపోయింది. మర్నాడు రికార్డుల గదిలో ఆమె లేదు. బల్ల మీద సెలవు చీటీ ఉంది.

నాలుగో రోజు నిశ్చల్‌ను విచారణకు ఖాట్మండుకు పిలిపించారు. బస్సు దిగాక వాడి కాళ్లు విచారణ కార్యాలయం వైపు వెళ్లలేదు. పెద్దాస్పత్రి వెనక వైపు, శవాలుంచే గది ముందు ఆగాయి. బయట జనం. ఎవరూ గట్టిగా ఏడవడం లేదు. పేరు పిలిచినప్పుడల్లా ఒక కుటుంబం లేచి లోపలికి వెళుతోంది.

తలుపు దగ్గరున్న ముసలి ఉద్యోగి అడిగాడు. “నువ్వు ఎవరి తాలూకు బాబూ?”

“ధుప్పీడాండా నుంచి,” అన్నాడు నిశ్చల్. “టవర్‌లో పని.”

“ఇంద్రకళ దీదీ టవరేనా?” ముసలాయన మొహం ఒక్కసారి మెత్తబడింది. “లోపలుంది. ఎవరూ పిలవలేదు, తనే వచ్చేసింది. మొన్నటి నుంచి నడుం వాల్చలేదు.”

“ఆవిడకి ఇక్కడేం పని?”

ముసలాయన వాడి వైపు వింతగా చూసి, తలుపు కొంచెం తెరిచాడు.

లోపల ఇంద్రకళ ఒక తల్లి రెండు చేతులూ పట్టుకుని, తొందరపడకుండా, ఒక చిన్నారి పేరు చెబుతోంది.

“మీ కొండ మీద విమానాలు కూలి పోయినవాళ్లందర్నీ పదకొండేళ్లు ఈ గదిలో ఒక్కొక్కర్నే గుర్తుపట్టి, వాళ్ల అమ్మల చేతికి అప్పగించింది ఈవిడే బాబూ, ఇక అప్పగించడం నా వల్ల కాదు, ఇక్కడికి రాకుండా ఆపే చోటు ఎక్కడుందో అక్కడికే పోతానని మీ దగ్గరికి వచ్చింది.”