మూడే దెబ్బలు

నా నోట అబద్ధం రాదు. నన్ను ఎరిగినవాళ్లెవరినైనా అడగండి, పడీపడీ నవ్వుతూ ఒప్పుకుంటారు.

"పైన రాయి కదిలిందిరా. ఈవేళ నేను లోపలికి పోను," అన్నాడు బావ, పాడుబడిన కోట బురుజు వెనక నిలబడి.

"ఈ ఒక్క గుంపుకే బావా. కొట్టేది మూడు దెబ్బలు. ఆ రాయి నా చిన్నప్పట్నుంచీ కదులుతూనే ఉంది. నీకోసం ఈవేళే పడుతుందా?" అన్నాడు గైడు.

"పడితే మీ అక్కకి నువ్వే చెప్పుకో."

"చెప్తాలే. ముందు దూరు."

బావ సుత్తి పట్టుకుని, గొణుక్కుంటూ గోడ లోపలి ఇరుకు సందులోకి దూరాడు. ఇద్దరి బతుకుతెరువూ ఆ సందే. గోడకి ఇవతల గైడు కథ చెబుతాడు, అవతల బావ కొడతాడు.

గైడు ఇటు వచ్చి, టిక్కెట్లు కొన్న ముప్పైమందినీ బురుజు ముందు నిలబెట్టాడు.

"ఇలాంటి కోట ఇంకెక్కడా కట్టకూడదని రాజు మేస్త్రీని బతికుండగానే ఈ గోడలో పెట్టి మూసేశాడు. పిలిస్తే ఇప్పటికీ పలుకుతాడు. మేస్త్రీ, ఉన్నావా?"

టక్. టక్. టక్.

ఒకావిడ గబుక్కున మొగుడి చెయ్యి పట్టుకుంది. అంతలో లోపల ఏదో దొర్లిన చప్పుడు. ఆ వెనకే మళ్లీ దెబ్బలు. నాలుగు, అయిదు, ఆరు.

"చాలు మేస్త్రీ, ఇక పడుకో," అన్నాడు గైడు. ఆపమని వాళ్లిద్దరి మధ్యా గుర్తు అది. దెబ్బలు ఆగలేదు. పది దాటాయి, ఇరవై దాటాయి.

"ఈవేళ ఈయనకి హుషారెక్కువైంది," అన్నాడు గైడు. అందరూ నవ్వారు.

కళ్లజోడాయన గోడకి చెవి ఆనించాడు. "అరుపు కూడా వినిపిస్తోందండీ. భలే ఏర్పాటు."

ఇందాకటి కోపమంతా బావ గోడ మీద తీర్చుకుంటున్నాడని గైడు లోపల్లోపల పళ్లు నూరుకున్నాడు. గుంపుని కందకం దగ్గరికి తీసుకుపోయాడు. అక్కణ్ణుంచి బావి, ఉరికొయ్య నాటిన చోటు. ఫొటోలు తీసిపెట్టాడు. ఆఖరి మనిషి గేటు దాటేసరికి గంట పట్టింది.

తిట్టడానికి మాటలు కూడగట్టుకుంటూ బురుజు వెనక్కి వచ్చాడు. సందు మూతి కనబడలేదు. రాళ్లతో పూడిపోయి ఉంది.

"బావా!"

టక్.

తరవాత ఏమీ లేదు. నలుగురు కూలీలు రాళ్లు తీసేసరికి పొద్దు వాలింది. సుత్తి ఇంకా బావ చేతిలోనే ఉంది.

అబద్ధం రాదన్నానా, ఒకటి వచ్చింది. రాజూ మేస్త్రీల సంగతి కాదు, అది ఉద్యోగం. నేను కల్పించిందల్లా, ఆ గైడు వేరెవరో అన్నట్టు చెప్పడం. ఆ సాయంత్రం అక్కావాళ్ల తలుపు కొట్టింది నేనే. మూడే దెబ్బలు.