గుప్పెడు తీసి చూపెట్టు

మారుతి సేటు గంగుబాయి పత్తి బండిల మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగు నుంచి గుప్పెడు గుంజిండు. పైపైన ఆరిన పత్తిని నమ్మేటోడు కాదు. ఆదిలాబాద్ మార్కెట్‌కు వచ్చే రైతులందరూ ఆయన లెక్కల దొంగలే.

"తేమ ఉన్నది. రేటు తగ్గిస్త."

"నీ ఇష్టం సేటు."

గుంజిన పత్తిని కింద పారేసి సేటు ఫోన్ తీసిండు. "ఎన్నేండ్లు గీ పత్తి పట్టుకొని ఏడుస్తవ్? క్రిప్టో కాయిన్ కొను. రెండు లక్షలు పెట్టిన, మూడు నెలలల్ల తొమ్మిదైనయ్. నీకేం సమజైతది గని."

గంగుబాయి తొంగి చూసింది. ఆకుపచ్చ అంకెలు మెరుస్తున్నయ్.

"పైన మంచిగనే ఉన్నది సేటు. లోపటి నుంచి ఓ గుప్పెడు తీసి చూపెట్టు."

గీ తెలివిలేనిదానికి చూపెట్టాలె అనుకొని, కాయిన్ల పైసల నుంచి వెయ్యి రూపాయలు తన బ్యాంకుకు పంపే బటన్ ఒత్తిండు. ముందు లక్ష రూపాయల పన్ను కడితేనే పైసలిస్తమని ఫోన్ల మెసేజ్ వచ్చింది. మల్ల ఒత్తిండు. మల్ల గదే వచ్చింది.

పెరిగేదాన్ని ఎందుకు కదిలించాలని, ఇన్ని రోజులల్ల ఒక్క రూపాయి సుత తీసి చూడలే.

గంగుబాయి కిందపడ్డ పత్తిని ఏరి, దుమ్ము దులిపి బండిల ఏసుకున్నది.

"తేమ ఉన్నట్టుంది సేటు," అన్నది.