ముప్పై సెకన్లు

"అయిందా?" తలుపు సందులోంచి డైరెక్టరు తల మళ్ళీ లోపలికొచ్చింది.

"అవుతోంది సార్."

"పొద్దుట్నుంచీ అదే మాట! పన్నెండింటికల్లా ఫలితాలు పెడతామని పేపర్లో వేయించాం. అక్కడ ఫోన్లు మోగి చస్తున్నాయి."

తల వెళ్ళిపోయింది. సిస్టమ్స్ ఆయన పళ్ళు నూరుకున్నాడు. పదకొండేళ్ళుగా ఆ పరీక్షల ఆఫీసులో అందరూ అతన్ని పిలిచేది అలాగే. అంతకుమించి హోదా లేదు, తలుపు మీద పేరూ లేదు. ఆ మూలగదిలో, ఏసీ హోరులో, ఉండేది అతనూ సర్వరూ.

ఆ సర్వరే ఇవాళ లేవడం లేదు. స్టార్ట్ నొక్కగానే బుద్ధిగా మొదలవుతుంది. తెర మీద వరసగా లైన్లు పడతాయి. హమ్మయ్య అనుకునేలోపు టప్పున ఆగిపోయి, దానంతటదే మళ్ళీ మొదటికొస్తుంది. ఇప్పటికి పద్నాలుగుసార్లు. పోర్టు మార్చాడు. మెమరీ పెంచాడు. సెట్టింగుల ఫైలు కామాలతో సహా అక్షరం అక్షరం చదివాడు. తప్పు దొరకలేదు. తప్పంటూ కనబడితే దిద్దొచ్చు, కనబడని తప్పుని ఏం పెట్టి దిద్దేది? ఒళ్ళు మండిపోతోంది అతనికి.

ఫోన్ మోగింది. భార్య.

"వచ్చిందా అండీ? మన నంబరు చూశారా?"

"ఎక్కడే? ఇంకా సర్వరే లేవలేదే!"

"మీరు లోపలే ఉన్నారుగా. కాస్త తొంగి చూడకూడదూ?"

"ఫలితాల ఫైలుకి తాళం ఉంటుందే. సర్వరు లేస్తేనే తెరుచుకుంటుంది. ఎవరికైనా అంతే."

"ఇది మూడోసారండీ. ఇప్పుడు కూడా గట్టెక్కకపోతే ఆ పర్మనెంటు ఉద్యోగం ఆశ వదులుకోవాల్సిందేగా. నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు."

"నాకు మాత్రం ఆడుతున్నాయా?"

అవతల కూతురు ఫోన్ లాక్కుంది. "నాన్నా, ముందే చెప్తున్నా. ఎన్ని మార్కులొచ్చినా ఇంట్లో ఎవరూ ఎవర్నీ ఏమీ అనకూడదు. సరేనా?"

"సరేలేవే తల్లీ."

ఫోన్ పెట్టేశాడు. ఆర్నెల్లుగా ఇంట్లో టీవీ పెట్టలేదు. తెల్లారకముందే అలారం, వంటింటి బల్ల మీద పుస్తకాలు. ఫ్రిజ్ తలుపుకి అంటించిన కాగితాలు ఇంకా అలాగే ఉన్నాయి, వాటిని పీకడానికి కూడా ఎవరికీ ధైర్యం చాలలేదు.

"అయిందా?" మళ్ళీ డైరెక్టరు తల.

"సార్! ఇలా అరనిమిషానికోసారి అడుగుతుంటే ఎలా సార్? కాస్త ఊపిరి పీల్చుకోనివ్వండి!"

నోరు జారిందని నాలిక్కరుచుకోబోయి, ఆగిపోయాడు. అరనిమిషం!

సర్వరు మీద ఒక కాపలా ప్రోగ్రాము ఉంది. అది అరనిమిషం చూసి, "లేచావా?" అని అడుగుతుంది. జవాబు రాకపోతే సర్వరు చచ్చిందనుకుని, ఆపేసి, మళ్ళీ మొదలుపెడుతుంది. నిరుటిదాకా సర్వరు ఇరవై సెకన్లలో లేచి కూర్చునేది. ఈసారి పదేళ్ళ పాత ఫలితాలన్నీ తెచ్చి దాని నెత్తిన పెట్టారు. అవన్నీ సర్దుకోవడానికి దానికి నిమిషమో రెండు నిమిషాలో పట్టదూ? లేచేదాన్ని లేస్తుండగానే పడగొట్టడం, పైగా లేవలేదేమని నిలదీయడం!

ముప్పై సెకన్లు చాలని సర్వర్ల పుస్తకంలో ఉంది, నిజమే. ఆ పుస్తకం రాసినవాడు ఈ సర్వరుతో ఒక్కరోజు కాపురం చేశాడా? కాపలా ప్రోగ్రాములో ముప్పై కొట్టేసి మూడువందలు చేశాడు. స్టార్ట్ నొక్కి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

లైన్లు పడుతున్నాయి. నిమిషం. నిమిషంన్నర. ఆగలేదు. తెర మూల పచ్చదీపం వెలిగింది.

"శభాష్!" డైరెక్టరు ఈసారి తలతోపాటు మనిషంతా లోపలికొచ్చి భుజం తట్టాడు. "ఈ సర్వరు సంగతి నీకు తెలిసినంత ఇంకెవడికి తెలుసయ్యా!"

పన్నెండుకి ఇంకా ఐదు నిమిషాలున్నాయి. డైరెక్టరు అటు వెళ్ళగానే అతను ఇంటికి ఫోన్ కలిపి బల్లమీద పెట్టాడు. అవతల తల్లీ కూతుళ్ళు లైన్లో ఉన్నారు. అందరికంటే ముందు తనే నంబరు కొట్టాడు.

పేజీ తెరుచుకుంది: నెరిసిన మీసంతో తన ఫోటో, దాని కింద ఎర్రటి అక్షరాల్లో 'ఫెయిల్', తప్పిన పేపరు ఒక్కటే, 'సర్వర్ల నిర్వహణ'.