ముళ్లచెట్టు మీద తెల్ల పేలిక

"తల దించవే, కనిపిస్తావు," అంది రోవెనా.

"నేను దించే ఉన్నానమ్మా. నీ టోపీ మీది ఈకే పైకి లేచి ఊరంతటికీ కనిపిస్తోంది."

రోవెనా టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది. తల్లీకూతుళ్లిద్దరూ ఊట పక్కన పొదల్లో నక్కి అరగంటయింది. అప్పుడప్పుడే తెల్లవారుతోంది. టామ్సిన్ గుండెలకు కట్టుకున్న గుడ్డలో ఏడు నెలల లోవెన్ నిద్రపోతోంది. నిద్రలోనే చెంపను తల్లి కోటుకేసి రుద్దుకుంటోంది. ఆ చెంపలు, మోచేతి మడతలు, మోకాళ్ల వెనక అంతా ఎర్రగా పొక్కిపోయి ఉంది. డాక్టరిచ్చిన మందు రాస్తున్నారు, చేతులకు తొడుగులూ వేస్తున్నారు. అయినా ఎలాగో గోక్కుని నెత్తురు తెచ్చుకుంటుంది పిల్ల.

ఊట మీదికి వంగిన ముళ్లచెట్టు నిండా పేలికలే. ఆ ఊరివాళ్ల నమ్మకం ప్రకారం, జబ్బుమనిషి తొడుక్కున్న బట్టలోంచి ఒక ముక్క చింపి, ఊటనీళ్లలో తడిపి కట్టాలి. అది చీకి రాలిపోయేసరికి జబ్బూ పోతుంది. వేరేవాళ్ల బట్ట పనికిరాదు. పసిపిల్లలకైతే మే నెల ఆదివారాల్లోనే కట్టాలి.

మొదటి ఆదివారం టామ్సిన్, లోవెన్ గౌను అంచులోంచి మెరిసే గులాబీరంగు ముక్క కోసి కట్టింది. వారం తిరిగి వచ్చి చూస్తే అది లేదు. దాని చోట ఎవరిదో తెల్ల పేలిక ఉంది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. ఇవాళ ఆఖరి ఆదివారం. ఇందాకే నాలుగోది కట్టింది. ఇదీ పోతే మళ్లీ ఏడాది ఆగాలి. ఏడాది పొడుగునా ఈ పిల్ల ఇలా గోక్కుంటూ ఉంటే తను చూడగలదా?

"చర్చివాళ్ల పనే ఇది," అని నిన్న సూపు తాగుతూ తేల్చేసింది రోవెనా. "మన దేవతల గుర్తు ఒక్కటి మిగిలినా వాళ్లకు నిద్రపట్టదు. బాప్తిస్మపు తొట్టికి నీళ్లు కావాలంటూ ఆదివారం పొద్దున్నే వస్తారుగా, అప్పుడు పీకుతున్నారు. దొరకనీ, మెడ పట్టుకుంటాను."

ముప్పై ఏళ్లుగా ఆ చుట్టుపక్కల, చర్చి రాకముందునాటి పాత దేవతలకు చేసే పున్నమి పూజలన్నీ ఆవిడ చేతిమీదుగానే జరుగుతున్నాయి. లోవెన్‌కి వెన్నెల్లో నిలబడి, నలుగురూ వినేలా పేరు పెట్టిందీ ఆవిడే. చర్చి గంట మోగితే కిటికీ మూసేసే మనిషి.

కాలిబాట మీద బకెట్ చప్పుడయింది.

టామ్సిన్ మెల్లగా తల ఎత్తింది. పొదల సందులోంచి తొంగి చూసింది. చర్చిలో పాస్టరుగా చేసి రిటైరైన లవ్‌డే వస్తోంది. బకెట్ కింద పెట్టి, జేబులోంచి కత్తెర తీసింది.

"అమ్మా, దొరికింది. పద," అని గుసగుసలాడింది టామ్సిన్.

రోవెనా ముఖం పాలిపోయింది. "ఇప్పుడెందుకులే. ముసలిది. పోనీ పాపం."

"మెడ పట్టుకుంటానన్నావు."

"చలిగా ఉందే. పిల్లకు జలుబు చేస్తుంది. ఇటు వెనకనించి ఇంటికి పోదాం పద." కూతురి కోటు పట్టుకుని లాగింది.

ఎంత వెర్రితల్లి తన తల్లి అనుకుంది టామ్సిన్. నోరే గాని ధైర్యం లేదు. ఆ చెయ్యి విడిపించుకుని ఒక్క ఉదుటున బయటికి దూకింది. అప్పటికే గులాబీ ముక్క తెగి లవ్‌డే చేతిలో పడింది.

"పట్టుకున్నాను పాస్టరమ్మా."

"మంచిదే తల్లీ. ఆ చేత్తోనే ఈ బకెట్ కూడా పట్టుకో. నడుము వంగటం లేదు."

టామ్సిన్ తెలియకుండానే బకెట్ అందుకుంది. అందుకున్నందుకు ఇంకా కోపం వచ్చింది. "నెలనుంచీ నా బిడ్డ పేలికలు కోసేస్తున్నారు. మా దేవతలు మిమ్మల్ని ఏం చేశారు?"

"వాళ్లేం చేస్తారు, నన్ను పలకరించనన్నా పలకరించరు. నా గొడవంతా ఈ గుడ్డతోనే." లవ్‌డే ఆ ముక్కను వేళ్ల మధ్య నలిపి చూపింది. "నైలాను. మా ప్రభువు తిరిగి వచ్చేనాటికి కూడా ఇది చీకదు. ఇది చీకేదెప్పుడు, పిల్లకు తగ్గేదెప్పుడు?"

టామ్సిన్ చెవులు వేడెక్కాయి. మెరుస్తోందని మోజుపడి కొన్న గౌను అది. ఏ బట్టో చూడాలన్న ఆలోచనే రాలేదు.

"మరి ఆ తెల్లవి?"

"నువ్వు పిల్లనెత్తుకొచ్చి కట్టిపోవడం చూశాను. చూస్తూ ఊరుకోబుద్ధి కాలేదు. అవి నూలువి. మొదటిది చూడు, అప్పుడే అంచులు చీకుతున్నాయి."

"మీరు ఇవి నమ్మరు కదా."

"ప్రార్థన చేసి కడతాను. మిగతాది ఆయన చూసుకుంటాడు. నాకు కోరింతదగ్గు వస్తే మా నాయనమ్మ ఇక్కడే కట్టింది. చర్చిలో ముందు బల్ల ఆవిడదే."

టామ్సిన్‌కు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అంతలోనే నీరుగారిపోయింది. "ఎంత మంచి మనసుతో కట్టినా ఏం లాభం పాస్టరమ్మా. పిల్ల తొడుక్కున్న బట్టే కావాలి. నాలుగు ఆదివారాలూ పోయినట్టే."

"ఆమాత్రం తెలియకుండానే కడతానా? అది నీ పిల్ల తొడుక్కున్నదే, గౌను ఇంకా నా దగ్గరే ఉంది."

"లోవెన్‌కి అసలు తెల్లబట్టే లేదు."

వెనక పొదల్లోంచి రోవెనా గట్టిగా దగ్గింది.

లవ్‌డే అటు చూసి, మళ్లీ టామ్సిన్ వంక విస్తుపోయి చూసింది. "నీకు చెప్పే చేసిందనుకున్నానే..."

"ఎవరు? ఏం చేశారు?"

"మీ అమ్మ, పాపకు బాప్తిస్మం ఇప్పించిన రోజున తొడిగిన గౌనమ్మా అది."