అయిదుకి అయిదు

నా థీసిస్‌లో ఒక్క అంకె మా గైడుగారికి తెగ నచ్చేసింది. "ఈ ఉద్యోగంలో సంతోషంగా ఉన్నాను" అన్న ప్రశ్నకి ఫ్యాక్టరీలో పర్మనెంటు వాళ్ళు అయిదుకి రెండేశారు. కాంట్రాక్టు వాళ్ళు ఒక్కరూ మిగలకుండా అయిదు వేశారు.

"అంటే కాంట్రాక్టులోనే సుఖముందన్నమాట! అలాగే రాసెయ్యమ్మా."

"రెండు గ్రూపుల్ని పోల్చే మల్టీగ్రూప్ మోడల్ కదా సార్. పోల్చేముందు ప్రశ్న రెండు గ్రూపులకీ ఒకేలా అర్థమైందో లేదో పరీక్షించాలి. మన ప్రశ్న ఆ పరీక్ష తప్పింది. కాంట్రాక్టు వాళ్ళ ఫారాలు సూపర్‌వైజరు పక్కనే నిలబడి నింపించాడు."

"అయితే ఆ పరీక్ష తీసిపారెయ్, పీడా పోతుంది! ప్రశ్న ఎవరికైనా ప్రశ్నే."

మహానుభావుడు, ముప్ఫయ్యేళ్ళుగా పాఠం చెప్తున్నాడు. సంతకం కోసం థీసిస్ ఆయన ముందు పెట్టాను.

ఆయన పెన్ను మూత తీసి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, సొరుగులోంచి ఒక ఫారం లాగారు. "ముందు ఇది నింపు. ఆఫీసు వాళ్ళు అడుగుతున్నారు."

అందులో ఒకటే ప్రశ్న: "నా గైడు పట్ల నాకు సంతృప్తిగా ఉంది."

పెన్ను నా చేతికిచ్చి, లేచొచ్చి పక్కనే నిలబడ్డారు.

అయిదు వేశాను.

"చూశావా!" అన్నారు, మురిసిపోతూ థీసిస్ మీద సంతకం గీకి. "ప్రశ్న నీకెంత చక్కగా అర్థమైందో!"