రెండు నెలల గడువు

పాపను తీసుకుపోయిన మూడో రోజున నాగరాణి సూర్యాపేట శిశుగృహ గేటు ముందు కూలబడింది.

లోపల పిల్లలు ఏడుస్తున్నారు. అందులో ఒక గొంతు తన మోక్షితది. రెండేళ్లు నిండి నెల కాలేదు.

నాగరాణి భర్త పర్వతాలు మిర్యాలగూడలో రైసుమిల్లు హమాలీ. పెళ్లయిన పన్నెండేళ్లలో మూడుసార్లు కడుపు నిలవలేదు. చివరికి కోదాడలో ఒక మధ్యవర్తి, కన్నవాళ్లే వద్దనుకున్న బిడ్డ ఉందని చెప్పి పదిరోజుల పసిగుడ్డును చేతుల్లో పెట్టాడు. దత్తతకు ఒక చట్టం ఉంటుందని వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. ఇప్పుడు ఆ మధ్యవర్తి దొరికిపోయాడు. అతని ఫోన్లో ఉన్న పేర్లను పట్టుకుని పోలీసులు ఇల్లిల్లూ తిరిగి, పిల్లలను తెచ్చి శిశుగృహలో పెట్టారు.

"చేతుల మీద తెచ్చుకున్న బిడ్డ చట్టం ముందు మీ బిడ్డ కాదమ్మా" అన్నాడు లాయర్ జోసెఫ్.

కన్నతల్లి దొరికితే ఆమెకు ఇస్తారట. ఆమె వద్దంటే, సర్కారు జాబితాలో ఏళ్లుగా ఎదురుచూస్తున్నవాళ్లకు ఇస్తారట.

ఎటు తిరిగినా నాగరాణికి మాత్రం ఇవ్వరు.

అయినా జోసెఫ్ కోర్టులో పిటిషన్ వేశాడు. నాగరాణి రోజూ తెల్లవారే బస్సెక్కి వచ్చి గేటు ముందు కూర్చునేది. ఆయా రుక్కమ్మ అప్పుడప్పుడూ బయటికొచ్చి, ఇవాళ రెండు ముద్దలు తిన్నదనో, ఒళ్లు కాలుతున్నదనో చెప్పి పోయేది.

వారం తర్వాత ఇంకో ఆడమనిషి వచ్చింది. పాతికేళ్లుంటాయి. కోదాడ బస్సు దిగి, గబగబా లోపలికి పోబోయి, నేల మీద పడి ఏడుస్తున్న నాగరాణిని చూసి ఆగిపోయింది.

"ఎవరున్నరక్కా లోపల?"

"నా బిడ్డ."

నాగరాణి జరిగిందంతా చెప్పింది. ఆమె లోపలికి పోకుండా పక్కనే కూర్చుండిపోయింది. తనలాగే బిడ్డను పోగొట్టుకున్న తల్లి అనుకుంది నాగరాణి. అడిగితే, తమది నడిగూడెం దిక్కని, తనకూ లోపల ఆడపిల్ల ఉందని మాత్రం చెప్పింది.

తర్వాత రెండు మూడు రోజులకోసారి వచ్చేది. వచ్చినప్పుడల్లా మోక్షిత ముచ్చట్లే అడిగేది. చెబుతుంటే నాగరాణికి ప్రాణం కుదుటపడేది. పప్పులో నెయ్యి లేకుంటే ముద్ద ముట్టదని, తన జుట్టు పిడికిట్లో ఉంటేనే నిద్రపోతుందని, పర్వతాలు మిల్లు నుంచి రాగానే ఒంటి మీది తవుడైనా దులుపుకోనివ్వకుండా భుజమెక్కుతుందని చెప్పింది.

"నిన్నేమని పిలుస్తదక్కా?"

"అమ్మా అనే. ఇంకేమంటది?"

ఆమె తల వంచుకుంది.

నెల గడిచింది. ఒకరోజు రుక్కమ్మ వచ్చి, పాప మూడు రోజులుగా ఏమీ తినడం లేదని, దవాఖానకు తీసుకుపోయి తెచ్చారని, నిద్రలో కూడా అమ్మా అని ఏడుస్తున్నదని చెప్పింది. ఆ మాట పూర్తి కాకముందే జోసెఫ్ ఫోన్ చేశాడు. కన్నతల్లి దొరికిందని, బిడ్డ కావాలంటోందని చెప్పాడు.

నాగరాణి గోడకేసి తల బాదుకుంది.

"కని పారేసినదానికి నా బిడ్డనెట్లిస్తరు? ఎదురుపడితే గొంతు పిసుకుత."

"ఆమె తీస్కపోదులే అక్కా" అంది పక్కనున్న ఆమె.

"నీకేమెరుక? వచ్చినకాడికెల్లి నా బిడ్డ ముచ్చట్లే అడుగుతవు. నీ దిష్టే తగిలింది దానికి. ఇగ నా పక్కకు రాకు."

ఆమె చాలాసేపు గేటు వంకే చూస్తూ కూర్చుంది. తర్వాత లేచి గేటు తీసుకుని లోపలికి పోయింది.

ఆనాటి నుంచి ఆమె నాగరాణి దగ్గరికి రాలేదు. అప్పుడప్పుడూ రోడ్డుకు అటువైపు ఒక్కతే నిలబడి కనిపించేది. నాగరాణి మొహం తిప్పుకునేది.

ఇంకో రెండు నెలలు. పర్వతాలు బస్తా మోస్తూ రెండుసార్లు కింద పడ్డాడు. ఇంట్లో ఉయ్యాల విప్పబోతే నాగరాణి అతని చేయి కొరికింది. ఇద్దరి మధ్యా మాటలు తగ్గిపోయాయి.

అప్పుడొచ్చింది ఉత్తర్వు. కన్నతల్లి వదులుకున్నది కాబట్టి, పాప వీళ్లకే అలవాటు పడింది కాబట్టి, ముందు పెంపకానికి వీళ్లకే అప్పగించి, ఆ తర్వాత చట్టప్రకారం దత్తత పూర్తి చేయమన్నది కోర్టు.

పాపను అప్పగించిన రోజు శిశుగృహ మేడమ్ నాగరాణిని కూర్చోబెట్టి చెప్పింది. బిడ్డ పురిట్లోనే చచ్చిపోయిందని ఆ తల్లికి ఇంటివాళ్లు అబద్ధం చెప్పారట. బతికే ఉందని పోలీసులు చెబితే, తీసుకుపోవడానికే వచ్చిందట. తర్వాత ఏమనుకున్నదో, వదులుకుంటున్నానని రాసిచ్చింది. మనసు మారితే ఆ కాగితం వెనక్కి తీసుకోవడానికి చట్టం ఆమెకు రెండు నెలల గడువిచ్చింది. చివరి రోజు దాకా వచ్చింది గానీ, కాగితం మాత్రం అడగలేదు.

నాగరాణికి తను తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చాయి. ఆ తల్లి కాళ్లు మొక్కుతానని, ఒక్కసారి చూపించమని బతిమాలింది. పేరు చెప్పడానికి కూడా రూల్స్ ఒప్పుకోవని మేడమ్ అంది.

మోక్షితను చంకనెత్తుకుని గేటు దాకా వచ్చింది. రోడ్డుకు అటువైపు చూసింది. ఎవరూ లేరు.

"రుక్కమ్మక్కా, నడిగూడెం ఆమె కనవడతలేదు. కోపంల నోరు జారిన. పాపం, ఆమె బిడ్డ ఇల్లు చేరిందా?"

రుక్కమ్మ గేటు తెరిచి పట్టుకుంది.

"ఇగో, ఇప్పుడే పోతున్నది" అంది, మోక్షిత వీపు నిమురుతూ.