వాషింగ్టన్ ఉండని ఇల్లు

“చెల్లదు సార్! మీరు ప్రశ్న ముగించకముందే ఆయప్ప చెయ్యెత్తినాడు!”

జైనబీ పక్క కుర్చీలోని కుర్రాడి వైపు వేలు చూపిస్తూ లేచి అరిచింది. మస్కట్ దగ్గర మత్రాలో ఒక బట్టల దుకాణం పైనున్న హాల్లో శుక్రవారం మధ్యాహ్నం వందమంది తెలుగు పనివాళ్లు ఒక్కసారిగా గోల చేశారు. క్విజ్ నడుపుతున్న సమీయుల్లా మాస్టారు చెయ్యి ఊపి అందరినీ ఊరుకోమన్నాడు.

బహుమతి ఒక్కటే. మస్కట్ నుంచి హైదరాబాద్‌కు విమానం టికెట్. ప్రశ్నలన్నీ అమెరికా అధ్యక్షులు ఎక్కడ పుట్టారు, ఎలాంటి ఇళ్లలో ఉన్నారు అన్నదాని మీదే. గుడిసెల్లో పుట్టినవాళ్లు కూడా అంత ఎత్తుకు ఎదిగారని తెలిస్తే వీళ్లకు కాస్త ధైర్యం వస్తుందని మాస్టారి ఆశ. పది రోజుల ముందే తెలుగులో చిన్న పుస్తకం అచ్చువేయించి పంచాడు.

ఇప్పటికి ఇద్దరే మిగిలారు. కడప నుంచి వచ్చి ఇక్కడ ఇంటిపని చేసుకుంటున్న జైనబీ, ఇదే దేశంలో సహం అనే ఊళ్లో సెంట్రింగ్ పని చేసే జగిత్యాల ఓంకార్. దుంగల ఇంట్లో పుట్టిన లింకన్ దగ్గర్నుంచి, అధ్యక్షుల్లో మొట్టమొదట ఆస్పత్రిలో పుట్టిన కార్టర్ దాకా ఇద్దరూ తడుముకోకుండా చెప్పేశారు.

“సరే, ఆ ప్రశ్న రద్దు. ఇంకొకటి అడుగుతాను,” అన్నాడు మాస్టారు, కాగితాలు తిరగేస్తూ.

జైనబీ ఓంకార్ వైపు తిరిగింది. గొంతు తగ్గించింది.

“నాయనా, నా బిడ్డను చూసి నాలుగేండ్లాయ. ఫోన్లో నన్ను ఆంటీ అంటాంది. నువ్వు మగోడివి, వయసులో ఉండావు. వచ్చే యేడు పోరాదా?”

ఓంకార్ ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు.

“మా అవ్వ ఇరవై రెండు దినాల సంది అన్నం ముడతలేదక్కా. వాకిట్లనే కూసుంటున్నది.”

“అందరి అమ్మలూ ఎదురుచూస్తానే ఉండారులే!” ఆమె మొహం తిప్పుకుంది.

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. “ఇదే ఆఖరిది. వైట్‌హౌస్‌కు స్థలం ఎంచి, కట్టడం మొదలుపెట్టించి, అందులో ఒక్క రోజు కూడా ఉండని అధ్యక్షుడు ఎవరు?”

జైనబీ చెయ్యి ముందు లేచింది. “జాన్ ఆడమ్స్!”

“కాదమ్మా. అందులో మొదట కాపురమున్నది ఆయన. ఓంకార్, నువ్వు చెప్పు.”

ఓంకార్ మెల్లగా లేచాడు. “జార్జ్ వాషింగ్టన్ సార్. ఇల్లు తయారుగాకముందే...” చొక్కా జేబు మీద చెయ్యి పెట్టుకుని పూర్తిచేశాడు. “సచ్చిపోయిండు.”

హాలంతా చప్పట్లు. ఎవరో ఈల వేశారు. జైనబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కుర్చీలో ముడుచుకుని ఏడ్చింది. ఓంకార్ వేదిక దగ్గరికి నడిచాడు.

“నవ్వవయ్యా! గెలిచింది నువ్వే!” మాస్టారు అతని భుజం తట్టి పెన్ను తీశాడు. “టికెట్ మీద పేరు వెయ్యాలి. పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టు చెప్పు.”

“భూమేశ్ అని రాయండి సార్.”

“నీ పేరు ఓంకార్ కదా?”

“భూమేశ్ నా తమ్ముడు సార్. పోవాల్సింది వాడే.”

జైనబీ తలెత్తింది. కన్నీళ్లు తుడుచుకోకుండానే మండిపడింది. “పోయేటోడు ఆయప్పయితే, ఈడికొచ్చి ఆయప్పే ఆడొచ్చు గదా! నిన్నెందుకు పంపినాడు?”

ఓంకార్ చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన ఆస్పత్రి కాగితం తీసి, రెండు చేతులతో మాస్టారి ముందు పెట్టాడు.

“మా కంపెనోళ్లు ఫోన్ ఎత్తుతలేరు సార్. ఈ టికెట్ మీద శవపెట్టెను ఎక్కనిస్తరా?”